ఈశాన్యంలో ఆకాశం

కూర్మన్నపాలెం,
8-11-1998

అక్కకి, బావగారికి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. సగం తిట్లే అయినా మొత్తం చదివాను. ‘నువ్వు వండుకు తింటున్నావో మాడ్చుకు తింటున్నావో మొహం చూస్తే గాని చెప్పలేను, ఫొటో పంపు’ అన్నావు. నీ మాట తీసెయ్యలేక హార్బరు దగ్గర ఓడ సరుకు అమ్మేవాడి దగ్గర ఒక కెమెరా కొన్నాను. ఓడ దిగి వచ్చిందేనని వాడు ఒట్టేశాడు. ఏ ఓడో నేనడగలేదు.

కొన్నాక తెలిసింది, మన ఫొటో మనం తీసుకోలేమని. మీట నొక్కడానికి రెండో మనిషి ఉండాలి. స్టీల్ ప్లాంటులో నాకు ఏ షిఫ్టు పడితే పక్కింటి అప్పలరాజుకి దానికి ఎదురు షిఫ్టు పడుతుంది. మెట్ల మీద అతను ‘వొచ్చీసినావా బావా’ అంటాడు, నేను ‘వెళ్తున్నావా’ అంటాను. మా స్నేహం అంతవరకే. ఆపి ఫొటో తియ్యమంటే అతని బస్సు వెళ్లిపోతుంది.

అందుకని కిటికీలోంచి కనపడింది తీశాను. ఎదుటి బ్లాకు మూల, దాని పక్కన ఆకాశం. తీశాక ఎందుకో ఇంకోటి తియ్యాలనిపించింది. మేడ అంచు, కాస్త నీడ, మిగతాదంతా ఆకాశం. రీలు అయ్యేదాకా అవే తీశాను. కడిగించడానికిస్తే స్టూడియో దాలయ్య అన్నిటినీ బల్ల మీద పరిచి, ‘మనిసి ఏడీ బాబూ? మనిసి నేకుండా తీసీసినావేటి?’ అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

కొన్ని పంపుతున్నాను. ఎందుకు తీశానో నన్నడక్కు, నాకు చెప్పడం రాదు. చూస్తే నీకే తెలుస్తుంది. ఆశకి కూడా చూపించు. నా పెళ్లాం టీచరుద్యోగం వచ్చి నీ పక్క వాటాలో, నేనిక్కడ క్వార్టర్లో, ఇద్దరికీ మధ్య మీ వీధి కిరాణా కొట్టు ఫోను. ఆదివారం ఫోన్ చేస్తే సగం పాలకొల్లు అక్కడే నిలబడి వింటుంది. ఆశ ‘బాగున్నారా’ అంటుంది. నేను ‘బాగానే ఉన్నా’ అంటాను. తర్వాత కొట్టువాడు కూడా తీసుకుని ‘బాగున్నారా’ అంటాడు.

నేను బాగానే ఉన్నాను.

నీ తమ్ముడు
గురునాథరావు


పాలకొల్లు,
19-11-1998

చిరంజీవి గురునాథానికి అక్క కామేశ్వరి దీవించి రాయునది.

ఒరే దొంగా! ఇల్లు కొంటున్నావని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది? మొహం పంపమంటే మేడ పంపావు. అక్కకి ఆ మాత్రం తెలియదనుకున్నావా? కవరు విప్పగానే మీ బావతో అన్నాను, ‘చూశారా, మా తమ్ముడు నోటితో చెప్పడు, చేసి చూపిస్తాడు’ అని. ఆయన కళ్లజోడు పెట్టుకుని, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ‘గుమ్మం ఎక్కడుందే’ అన్నారు. వారం తర్వాత ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. మీ బావతో కాపురం గోడతో కాపురం. గోడే నయం, దాని మీద బల్లి అయినా టక్కుమంటుంది.

ఆలస్యం అమృతం విషం అని ఆ సాయంత్రమే సిద్ధాంతిగారి దగ్గరికి పట్టుకెళ్లాను. మన నుయ్యి ఎక్కడ తవ్వాలో చెప్పింది ఆయనే కదా. నీ ఫొటోని నేల మీద పెట్టి, దాని మీద దిక్సూచి పెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి, ‘అమ్మా, ఈ కొంపకి ఈశాన్యం తెగింది’ అన్నారు. రెండోదానికి ఈశాన్యం అసలే లేదట. ఇంకోదానికి నైరుతి పల్లం. ఆఖరిదాన్లో ఆకాశం మరీ ఎక్కువగా ఉందిట, అలాంటి ఇంట్లో యజమానికి నిలకడ ఉండదన్నారు. చిన్నప్పట్నుంచీ నీకు ఉన్నది ఎక్కడ గనక.

కాబట్టి బయానా ఇచ్చేసి ఉంటే వెనక్కి తీసుకో.

ఆశ కూడా చూసింది. ఒక్కొక్కటీ చాలాసేపు పట్టుకుని, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పి, ‘బాగున్నాయి వదినగారూ’ అంది. ఆ పిల్లకి వాస్తు తెలియదు పాపం. బళ్లోంచి రాగానే నా దగ్గరికే వస్తుంది. ఇద్దరం అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఊళ్లోవాళ్లందర్నీ కూడా ఏరేస్తాం. నాకు ఇంత కాలక్షేపం పెళ్లయిన దగ్గర్నుంచి ఎరగను.

ఆవకాయ పంపుతున్నాను. బజారు బజ్జీలు తినడం మానెయ్యి.

నీ అక్క


కూర్మన్నపాలెం,
10-1-1999

అక్కా,

ఆవకాయ చేరింది. సగం మూటకి నూనె కారింది, అయినా వదిలిపెట్టలేదు.

ఇల్లూ లేదు, వాకిలీ లేదు. నువ్వు చూసింది కంపెనీ క్వార్టర్సు. దాన్ని వాళ్లు అమ్మరు, నేను కొనను. సిద్ధాంతిగారితో చెప్పు, తెగింది ఈశాన్యం కాదు, ఫొటో అంచు. నేనే అక్కడికి ఆపాను.

నేను మేడని చూపించాలని తియ్యలేదక్కా. మేడ పక్కన ఎంత చోటు ఖాళీగా ఉందో చూపించాలని తీశాను. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లేముందు బ్లాకులన్నీ ఒకేలా ఉంటాయి. కిటికీలు మూసి ఉంటాయి. ఎండ గోడకి ఒక పక్కగా పడి ఉంటుంది, దాన్ని పలకరించేవాళ్లు ఉండరు. అది చూస్తుంటే ఎవరో నా సంగతి గోడ మీద రాసి పెట్టినట్టుంటుంది. ఇది చదివి నువ్వు బావగారితో ‘వీడికి జ్వరమేమో’ అంటావు. జ్వరం లేదు.

నా అవస్థ వినేవాళ్లు ఇక్కడా లేరు. ఎదుటి బ్లాకు చిట్టమ్మగారు మొన్న గుమ్మంలోకి వచ్చి, ‘మా గోడ మీద ఏటున్నాది బాబూ, రోజూ తీత్తన్నావు? పెచ్చులూడిపోనాయేటి?’ అంది. ఏదో ఒకటి చెప్పాలి కదా, అవునన్నాను. ఆమె వెంటనే వెళ్లి మెయింటెనెన్సు వాళ్ల ప్రాణం తీసింది. వాళ్లు నిచ్చెనలేసుకుని వచ్చి గోడంతా సున్నం కొట్టి వెళ్లారు. అక్కడ నాకో మంచి మరక ఉండేది, వాన పడితే పొడుగ్గా అయ్యేది. పోయింది. చిట్టమ్మగారు మాత్రం నాకు ఒక గిన్నెడు చేపల పులుసు పంపింది, తన గోడ బాగు చేయించానని.

ఈసారి అపార్థానికి తావు లేకుండా ఆకాశమే ఎక్కువ తీశాను. ఒకదాన్లో కరెంటు తీగ, ఒకదాన్లో నీళ్ల ట్యాంకు మూల మాత్రం ఉన్నాయి. ఇంకోదాన్లో ఏమీ లేదు. దాలయ్య దానికి డబ్బులు తీసుకోనన్నాడు. అదే నాకు బాగా నచ్చింది.

ఆశకి తప్పకుండా చూపించు. నేను బాగానే ఉన్నాను.

గురునాథం


పాలకొల్లు,
2-2-1999

చిరంజీవి గురునాథానికి,

అలాగే, దాచు. మంచిదే. ఇల్లు కొంటున్నామంటే ఊరి దృష్టంతా తగులుతుంది. ‘అమ్మరు, కొనను’ అని ఎంత చక్కగా రాశావురా, నేను కూడా నమ్మేదాన్ని. నేనూ ఎవ్వరికీ చెప్పలేదు, మన వీధిలో తప్ప.

ఈసారి పంపింది స్థలమని సిద్ధాంతిగారు చూడగానే పట్టేశారు. ‘పైన ఏ నిర్మాణమూ లేదు, ఖాళీ జాగా’ అన్నారు. సబ్బవరం వైపు కొత్తగా కాలనీలు లేస్తున్నాయని మీ బావ ఎక్కడో విన్నారట. పాత మేడకి దోషముందని మానేసి స్థలం చూసుకున్నావన్న మాట. అక్క మాటకి ఆ మాత్రం విలువిచ్చావు, చాలు.

కాని అదీ పూర్తిగా శుద్ధంగా లేదు. ఆయన చెప్పినట్టు రాస్తున్నాను, జాగ్రత్తగా చేయించు. ఆగ్నేయంలో ఉన్న నీళ్ల ట్యాంకు తీసెయ్యాలి. ఉత్తరం గోడ మనిషి పట్టేంత పగలగొట్టించు. పడమర నుంచి రాకపోకలకి ఒక దారి చూడు. అన్నీ అమావాస్య లోపల అయిపోవాలి, పరాయివాళ్ల కంట పడకూడదు. పని కాగానే ఆ చోట్లన్నిటికీ మళ్లీ ఫొటోలు తీసి నాకు పంపు, నేను సిద్ధాంతిగారికి అందిస్తాను.

అసలు సంగతి మర్చిపోతున్నాను. మొగుడూ పెళ్లాలు ఒకచోట ఉండేలా టీచర్లకి బదిలీలు ఇస్తున్నారట. ఈ నెలాఖరు లోపల అర్జీ పెట్టాలట, తప్పితే మళ్లీ ఎప్పుడో చెప్పలేరట. ఆశ వచ్చి ‘పెట్టమంటారా వదినగారూ’ అని అడిగింది. నేను వద్దన్నాను. దోషం తీరని చోట ఇల్లాలు అడుగుపెట్టకూడదని సిద్ధాంతిగారు ఖండితంగా చెప్పారు. నువ్వూ ప్రతి ఉత్తరంలో బాగానే ఉన్నానంటున్నావు, ఇక తొందరేముంది? ఆ పిల్ల కూడా ‘నిజమే, ఆయనకి తొందరున్నట్టు లేదు’ అని లోపలికెళ్లి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంది. బంగారంలాంటి పిల్ల, ఎదురు చెప్పదు.

నీ అక్క


కూర్మన్నపాలెం,
12-2-1999

అక్కా,

ఇది ఆపకుండా చదివి, వెంటనే పక్క వాటాలోకి వెళ్లి ఆశకి వినిపించు. సిద్ధాంతిగారి దగ్గరికి మాత్రం వెళ్లకు.

మొన్న నా వీక్లీ ఆఫ్. నీ ఉత్తరం చదివి ఇంట్లో కూర్చోలేక, దాన్ని జేబులో పెట్టుకుని, కెమెరా తీసుకుని పోర్టు వైపు వెళ్లాను. అక్కడ గోడౌన్ల వెనకాల ఒక పెద్ద గోడ ఉంది, చివరిదాకా ఒక్క కిటికీ లేదు. దాని పైన తెల్లటి ఆకాశం. నేను తీస్తుంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా కాలరు పట్టుకుంది. ఓడలు, నేవీ ఉన్న ఊళ్లో అటువైపు ఫొటోలు తియ్యకూడదని నాకు తెలుసు. గోడకేం రహస్యం ఉంటుందిలే అనుకున్నాను.

సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టారు. హెడ్డు పేరు సన్యాసిరాజు. మీసాలు ఆయనకంటే ముందు వస్తాయి. రీలు కడిగించుకు రమ్మని మనిషిని పంపి, ఈలోపు నా జేబులు వెతికించాడు. నీ ఉత్తరం దొరికింది.

ఆయన గట్టిగా చదివాడక్కా. ‘ఆగ్నేయంలో ఉన్న నీళ్ల ట్యాంకు తీసెయ్యాలి. ఉత్తరం గోడ పగలగొట్టించు. పడమర నుంచి రాకపోకలకి దారి చూడు. అమావాస్య లోపల. పరాయివాళ్ల కంట పడకూడదు.’ గదిలో ఉన్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు.

‘ఈ సిద్దాంతి ఎవుడు? ఏ దేశపోడు?’ అన్నాడు.

‘పాలకొల్లండి’ అన్నాను.

‘ఈ అక్క ఎవులు?’

‘మా అక్కేనండి.’

‘అందరూ అలాగే సెప్తారు’ అన్నాడు.

ఫొటోలు వచ్చాయి. బల్ల మీద పరిచాడు. గోడ, ఆకాశం. ఆకాశం, గోడ మూల. ఆకాశం. వెలుతురులో పెట్టి చూశాడు, భూతద్దం తెప్పించి చూశాడు. చెమట పట్టేసింది ఆయనకి. ‘ఇందుల ఏటీ నేదు గదా బాబూ’ అన్నాడు చివరికి. ‘ఏటీ నేనిదానికి రీలు పోసి ఎందుకు తీత్తన్నావ్? నిజం సెప్పీ, నాను ఏటీ అనను.’

ఏం చెప్పను? కళ అంటే కొడతాడు. వాస్తు అంటే నీ దగ్గరికి వస్తాడు. నిజం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ‘పెళ్లాం ఊళ్లో ఉద్యోగం చేస్తోందండీ. క్వార్టర్లో ఒక్కణ్నీ ఉండలేకపోతున్నాను. మనసులో ఉన్నది చెప్పడం రాక ఇవి తీసి పంపుతున్నాను’ అన్నాను. అందరి ముందూ ఏడుస్తానేమో అనిపించి గోడ కేసి చూశాను.

ఆయన భూతద్దం పక్కన పెట్టాడు. తర్వాత ‘టీ తే రా’ అని కేకేశాడు. ‘మాయావిడ పురిటికెల్లి ఇంకా రానేదు బాబూ. నాను పేకాడతన్నాను, నువ్వు మేడలు తీత్తన్నావు. ఎవుడి రోగం ఆడిది’ అన్నాడు. రీలు ఉంచేసుకుని కెమెరా ఇచ్చేశాడు. గేటు దాకా వచ్చి, ‘ఆ ముక్క నాకు సెప్పినావు గానీ మీ యావిడకి సెప్పినావేటి?’ అని అడిగాడు.

నేరుగా వెళ్లి కిరాణా కొట్టుకి ఫోన్ చేశాను. ఆశ వచ్చింది. ‘బాగున్నారా’ అంది. ‘బాగానే ఉన్నా’ అని నా నోరే అనేసింది. పెట్టేశాను. ఎస్టీడీ బూత్‌లో కూర్చునే పిల్లాడు నన్ను జాలిగా చూశాడు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు లేదు, స్థలం లేదు, ట్యాంకు నాది కాదు. నేను బాగా లేను. తలుపు నేనే తీసి నేనే వేసుకుంటున్నాను. వండుకుంటే గరిటె చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆశకి ఉద్యోగం వచ్చినప్పుడు ‘వెళ్లు, నాకు ఒక్కడికీ హాయి’ అని పెద్ద మగాడిలా అన్నది నేనే. ఇప్పుడు ఏ మొహంతో రమ్మనను? ఆమెకి బడంటే ప్రాణం, తెలుసు. ఇక్కడా బళ్లున్నాయి. నాకు ఆశ కావాలక్కా. నెలాఖరు లోపల అర్జీ పెట్టమను.

గురునాథం


పాలకొల్లు,
18-2-1999

ఒరే గురునాథం,

ముందు నిన్ను తిట్టాలి. ఒంటరిగా ఉందనడానికి ఒక కార్డు ముక్క చాలదా? గోడలు పంపుతావా? గోడ చూసి ‘అయ్యో, తమ్ముడు బెంగ పెట్టుకున్నాడు’ అనుకునే అక్క ఎక్కడైనా ఉంటుందా? ఆ మీసాలాయన్ని నా తరఫున దీవించు. ఆయనకి మగపిల్లాడా, ఆడపిల్లా? రాయలేదు నువ్వు.

నీ ఉత్తరం వంటింట్లో చదివాను. ఆశ అప్పుడు వంకాయలు తరుగుతోంది. ‘ఏ దేశపోడు’ దగ్గర పడి పడి నవ్వింది. తర్వాత ఎక్కడ నవ్వు ఆగిందో నేను చూడలేదు, తలెత్తేసరికి కత్తిపీట ముందు మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. ‘ప్రతి ఫొటోనీ వెనక్కి తిప్పి చూసేదాన్ని వదినగారూ, ఒక్కదాని మీదైనా రా అని రాస్తారేమోనని’ అంది. ఇంత మొద్దు జంటని నేను చూడలేదు. ఒకడు ముందు వైపు చూపిస్తాడు, ఒకతె వెనక వైపు వెతుకుతుంది.

నేను చేసిన దానికి నాకు సిగ్గేసింది. పిల్ల వచ్చి అడిగితే మీ ఇద్దరి సంగతీ నేనే తేల్చేశాను. మీ బావ పడక్కుర్చీలోంచి లేచి, ‘రేపు మిల్లుకి వెళ్లను. ఈ పిల్లని ఏలూరు తీసుకెళ్లి అర్జీ ఇప్పిస్తాను’ అన్నారు. పూర్తి వాక్యాలు! నేనూ ఆశా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. నిన్న వెళ్లి ఇచ్చేసి వచ్చారు కూడా.

సిద్ధాంతిగారితో నువ్వు కొన్న ఇల్లే లేదని చెబితే నమ్మలేదు. లేని ఇంటికి కూడా దోషం ఉంటుందన్నారు. ఆయన ఇంటికి వెళ్లడం మానేశాను.

అక్క


కూర్మన్నపాలెం,
4-7-1999

అక్కకి, బావగారికి,

ఆశకి సబ్బవరం దారిలో బడి వచ్చింది. పొద్దున్నే బస్సు. నేను నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి టిఫిను మూతపెట్టి ఉంటుంది, మూత మీద ‘చల్లారకముందే తినండి’ అని చీటీ ఉంటుంది. నోటితో చెప్పాల్సినవి చెబుతూనే, చీటీలు కూడా రాస్తోంది.

చిట్టమ్మగారికీ ఈవిడకీ బాగా పడింది. ఇద్దరూ కలిసి నన్ను బజారుకి తరుముతున్నారు. మొన్న ఆదివారం సింహాచలం వెళ్లి వచ్చాం. కొండ మీద ఆకాశం బ్రహ్మాండంగా ఉంది. తీద్దామనుకునేలోపు ఈవిడ చెప్పులు పోయాయి, వాటిని వెతకడంతోనే పొద్దు గడిచిపోయింది. రీలు కెమెరాలో ఉన్నది ఉన్నట్టే ఉంది.

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. తిట్లు లేక మాకు తోచడం లేదు. ఎలా ఉన్నావు?

గురునాథం, ఆశాజ్యోతి


పాలకొల్లు,
11-7-1999

గురునాథానికి, ఆశకి,

‘నేను బాగానే ఉన్నాను’ అని రాద్దామని ఈ కార్డు తీశాను. ఆ మాట దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

పక్క వాటా తాళం వేసి ఉంది. సాయంత్రం బడి వదిలే వేళకి నా కాళ్లు వాటంతటవే అరుగు మీదికి వెళ్తున్నాయి. బియ్యం ఏరుతున్నాను, ఊళ్లోవాళ్లు మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే క్షేమంగా ఉన్నారు. ఆశని నేనే పంపాను, మళ్లీ అడిగినా పంపుతాను. కాని దాన్ని ఆనాడు వద్దన్నది సిద్ధాంతిగారి మాట మీద ఒక్కటే కాదని నాకిప్పుడు తెలుస్తోంది.

నువ్వు ఈ ముక్క చెప్పడానికి రీళ్లు తగలేశావు, కాలరు పట్టించుకున్నావు. నా దగ్గర కెమెరా లేదు, నన్ను పట్టుకునేవాళ్లూ లేరు. నాకు ఒంటరిగా ఉందిరా. చాలా ఒంటరిగా ఉంది. శనివారం రైలుకి ఇద్దరూ వచ్చెయ్యండి. నేను మినప్పప్పు నానబోసి ఉంచుతాను.

అక్క